డార్క్ చాక్లెట్, బాదంతో ఇంట్లోనే ఒక సాయంత్రం: మీ ఆలోచనలు చెప్పండి

బరంపురం కోడలు

అందరికీ నమస్కారం. నవంబరు 7ను అమెరికాలో బాదం కలిసిన డార్క్ చాక్లెట్ రోజుగా జరుపుకుంటారు. మనకు ఆ తేదీతో పని లేకపోయినా ఆ కాలం మాత్రం చక్కగా కుదురుతుంది. బరంపురంలో అప్పటికి ఉక్కపోత తగ్గుతుంది, ఇంటింటా కార్తీక దీపాలు వెలుగుతుంటాయి, పిల్లలు చీకటిపడే వేళకు ఇంటిపట్టున ఉంటారు. ఈసారి ఇరుగుపొరుగు పిల్లలను కూడా పిలిచి, డార్క్ చాక్లెట్, బాదంతో ఒక సాయంత్రం గడపాలని ఉంది. దుకాణంలో కొని తలా ఒకటి పంచడం నాకు ఇష్టం లేదు. వాళ్ల చేతులతో వాళ్లే చేయాలి, వాసన చూడాలి, రుచి చూడాలి, దాని గురించి మాట్లాడుకోవాలి.

మా ఇంటి పరిస్థితి ఇది. ఓవెన్ లేదు. కార్తీకమంతా గుడ్డు వంటింట్లోకి రాదు. పిల్లల్లో ఆరేళ్లవాళ్లూ ఉన్నారు, పద్నాలుగేళ్లవాళ్లూ ఉన్నారు. అత్తయ్యగారికి మధుమేహం. మా తోడికోడలి తల్లిగారు ఒడియావారు, హబిష అనే కార్తీక నియమాహార వ్రతంలో ఉంటారు కనుక పూర్ణిమ దాటేదాకా ఇవేవీ ముట్టరు. ఆవిడ వాటా విడిగా దాచి పెట్టాలి.

పిల్లలకు చాక్లెట్ అంటే పాలు, పంచదారే. కాకరకాయ పులుసు ఇష్టంగా తినే ఇంట్లో పుట్టినవాళ్లు చాక్లెట్‌లోని చేదును మాత్రం ఎందుకు కాదనాలి? వాళ్లకు ఆ రుచి పరిచయం చేయాలన్నది నా పట్టుదల. ఏం చేద్దామో చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు

మంచి సంకల్పం తల్లీ. కొనేటప్పుడే సగం పని జరగాలి. పొట్లం వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవమని పిల్లలకే ఇవ్వండి. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాస్తారు. మొదట కోకో మాస్ (నూరిన కోకో గింజ), తర్వాత పంచదార, కోకో బటర్ (గింజలోని కొవ్వు) కనిపిస్తే అది చాక్లెట్. కోకో బటర్ స్థానంలో హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అనో, పామ్ నూనె అనో ఉంటే అది కాంపౌండ్. రంగు ఒకటే కానీ నోట్లో కరిగే తీరు వేరు.

70 శాతం అని రాసి ఉంటే, కోకో గింజ నుంచి వచ్చిన భాగమంతా కలిపి అంత అని అర్థం. అందులో గింజలోని కొవ్వు కూడా ఉంటుంది. మిగిలిన 30 శాతంలో ఎక్కువ పంచదారే. ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలకు భలే నచ్చుతుంది, ఎంత చేదైన బిళ్లలోనైనా ఎంత తీపి దాగి ఉందో వాళ్లే కట్టి చెబుతారు.

ఇక రుచి చూడటం. 50, 70, 85 శాతం మూడు రకాలు తెచ్చి, పేర్లు కనబడకుండా మూడు గిన్నెల్లో చిన్న ముక్కలు పెట్టండి. తక్కువ చేదు నుంచి ఎక్కువ చేదుకు వెళ్లాలి. ఒకదానికీ మరోదానికీ మధ్య ఒక గుక్క గోరువెచ్చని నీళ్లు. చల్లటి నీళ్లు వద్దు, నాలుక మొద్దుబారి కొవ్వు కరగదు. ముక్కను చెవి దగ్గర పెట్టుకుని విరవమనండి, మంచి చాక్లెట్ టక్కుమని విరుగుతుంది. తర్వాత నమలకుండా నాలుక మీద ఉంచి కరగనివ్వాలి. మొదట ఏమీ తెలియదు, పిల్లలు ముఖముఖాలు చూసుకుంటారు. కొద్దిసేపటికి చేదు వస్తుంది, దాని వెనక పులుపు, ఆ తర్వాత బుగ్గల లోపల వగరు. ఎవరికి ఏది ముందు తెలిసిందో కాగితం మీద రాయించండి. తప్పొప్పులు లేని పరీక్ష కాబట్టి బడిలో వెనకబడిన పిల్లవాడు కూడా ఇందులో ధైర్యంగా మాట్లాడతాడు. ఆ మాట నేను పంతులుగా చెబుతున్నాను.

జయపురం కాఫీతోట

మాస్టారి పరీక్ష మా ఇంట్లో తప్పకుండా పెడతాం. నా వంతుగా ఒక పానీయం.

చాక్లెట్ మొదట తినే వస్తువు కాదు, తాగే వస్తువు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల్లో మాయా, అజ్టెక్ ప్రజలు కోకో గింజలు నూరి నీళ్లలో కలిపి, కొన్నిసార్లు మిరపకాయ కూడా వేసి తాగేవారు. పంచదార సంగతి స్పెయిన్ వాళ్లు వెళ్లిన తర్వాతే. మాయా కాలపు పాత్ర ఒకదాని మీద ఒక స్త్రీ నిలబడి పై నుంచి కింది పాత్రలోకి ఆ పానీయాన్ని పోస్తున్న బొమ్మ ఉంది. నురుగు రావడం కోసం అలా పోసేవారు. మన ఇళ్లలో కాఫీని గ్లాసులోంచి గిన్నెలోకి ఎత్తి పోసే పద్ధతే. ఈ కథ చెప్పి, పెద్ద పిల్లల చేత పోయించండి.

ఇద్దరికి కొలత: 70 శాతం చాక్లెట్ 60 గ్రాములు సన్నగా తరిగింది, వేడి పాలు 300 మిల్లీలీటర్లు, నానబెట్టి తొక్క తీసిన బాదం పది, చిటికెడు ఉప్పు. బాదంను కొద్దిపాటి పాలతో వెన్నలా రుబ్బాలి. మిగిలిన పాలు కాగాక దింపి, చాక్లెట్ వేసి కరిగే వరకు తిప్పి, బాదం ముద్ద కలిపి మళ్లీ సన్నటి సెగ మీద ఒక్క పొంగు రానివ్వాలి. పెద్దవాళ్ల గ్లాసుల్లో మా కోరాపుట్ కాఫీ డికాక్షన్ రెండు చెంచాలు కలపండి. ఈ కొండల మీద పండే అరబికా కాఫీలో సన్నని పులుపు ఉంటుంది, అది కోకో చేదును పైకి లేపుతుంది. కాఫీ పొడిని చాక్లెట్ బిళ్లల మీద చల్లినా బాగుంటుంది, కానీ పిల్లల వాటా మీద కాదు.

సిరొంచ వదిన

గోదావరి ఒడ్డు నుంచి నమస్కారం. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే మా వైపు చాక్లెట్ పని చలికాలానికే దాచుకుంటాం. అదే సమయానికి నాగపూర్ కమలాలు బజారుకు వస్తాయి. కమలా తొక్క, బాదం, డార్క్ చాక్లెట్, ఈ మూడూ కలిస్తే దాన్ని మించింది లేదని నా నమ్మకం.

తొక్కను సన్నని పొడవాటి ముక్కలుగా కోసి, నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. ఇలా మూడు సార్లు చేస్తే మొండి చేదు పోయి వాసన మిగులుతుంది. తర్వాత పంచదార, నీళ్లు సమానంగా తీసుకున్న పాకంలో సన్నటి సెగ మీద ముక్కలు అద్దంలా మెరిసేదాకా ఉంచి, తీసి జల్లెడ మీద రాత్రంతా ఆరనివ్వాలి. ఆరడం ముఖ్యం, చేతికి జిగురు అంటకూడదు. మర్నాడు సగం వరకు కరిగించిన చాక్లెట్‌లో ముంచి, పైన బాదం పలుకులు అద్ది, బటర్ పేపరు మీద పెట్టడమే. ముంచే పని ఆరేళ్లవాళ్లు కూడా చేయగలరు. మిగిలిన పాకం పారబోయకండి, నిమ్మరసంలో కలిపి తాగవచ్చు.

బరంపురం కోడలు

వదినగారూ, కమలా తొక్క సంగతి చదువుతుంటేనే వాసన వచ్చింది. ముందు రోజు తొక్క సిద్ధం చేసి ఉంచుతాను. మాస్టారి పరీక్ష ఖాయం.

ఇప్పుడు అసలు సందేహం. చాక్లెట్ కరిగించి మళ్లీ పోస్తే మెరుపు రాకుండా, వేలికి అంటుకుంటూ, తెల్లమచ్చలతో ఉంటుందని మా వీధిలో అందరూ అంటున్నారు. కాంపౌండ్ వాడమని సలహా ఇస్తున్నారు. అది నాకు ఇష్టం లేదు. దారి ఏమిటి?

ఛత్రపురం మిఠాయి

చెల్లెమ్మా, మిఠాయి పనే నా జీవనం. కాంపౌండ్‌కు కోకో బటర్ ఉండదు కాబట్టి కరిగించి పోస్తే చాలు, దానంతట అదే బిగుస్తుంది. అసలు చాక్లెట్‌కు మాత్రం టెంపరింగ్ చేయాలి. పేరు విని భయపడనక్కర్లేదు.

కోకో బటర్ గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా మారగలదు. మనకు కావలసింది ఐదో రకం. అది దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే బల్ల మీద గట్టిగా ఉండి నోటి వేడికి కరిగిపోతుంది. మెరుపు, టక్కున విరగడం దాని వల్లే. కరిగించి ఊరికే వదిలేస్తే మిగతా రకాలు కలగాపులగంగా ఏర్పడి, మెత్తగా, మచ్చలుగా తయారవుతుంది.

300 గ్రాముల చాక్లెట్ తీసుకుని సన్నగా తరగండి. మూడో వంతు పక్కన పెట్టండి. వెడల్పాటి గిన్నెలో నీళ్లు మరిగించి పొయ్యి కట్టేసి, దాని మీద పొడి గిన్నె ఉంచండి. పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. అందులో 200 గ్రాములు వేసి 45 నుంచి 50 డిగ్రీల వరకు కరిగించండి. కిందికి దించి, గిన్నె అడుగు తుడిచి, పక్కన పెట్టిన 100 గ్రాములు కొద్దికొద్దిగా వేస్తూ కలుపుతూ ఉండండి. ఆ గట్టి ముక్కల్లో ఐదో రకం స్ఫటికాలు ముందే ఉన్నాయి, అవి మిగతాదానికి దారి చూపిస్తాయి. 31, 32 డిగ్రీలకు దిగితే సిద్ధం. వంట థర్మామీటర్ ఉంటే మంచిది. లేకపోతే ఒక చుక్క కింది పెదవికి రాసుకోండి, వెచ్చగా కాకుండా కాస్త చల్లగా తోచాలి. చాకు మొనను ముంచి ఫ్యాను గాలి లేని చల్లని చోట పెట్టి చూడండి, ఐదు నిమిషాల్లో మెరుస్తూ బిగిస్తే పని అయినట్టే. పనిలో పడి 34 డిగ్రీలు దాటించారంటే ఆ స్ఫటికాలు పోతాయి, మళ్లీ మొదటి నుంచే.

నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. రెండు చుక్కల ఆవిరి నీరు పడినా చాక్లెట్ ఒక్కసారిగా ఇసుకలా గడ్డకడుతుంది. అలా అయితే పారేయకండి. ఇంకొంచెం వేడి పాలో, క్రీమో ధారగా పోసి కలిపితే మళ్లీ జారుగా మారుతుంది. బిళ్లలకు పనికిరాదు కానీ పిల్లలు అరటిపండు ముంచుకుని తినడానికి శ్రేష్ఠం.

బరంపురంలో సముద్రపు గాలి తేమ ఎక్కువ. కిటికీలు మూసి, సాయంత్రం చల్లబడ్డాక పని మొదలుపెట్టండి.

జయపురం కాఫీతోట

అన్నగారూ, మా వైపు నవంబరు చలికి చాక్లెట్ వంటింట్లోనే బిగుసుకుంటుంది, ఫ్రిజ్ అవసరమే రాదు. అయితే కరిగించిన గిన్నె కూడా అంతే త్వరగా చల్లారిపోతోంది. మధ్యలో చిక్కబడితే ఏం చేయాలి?

ఛత్రపురం మిఠాయి

గిన్నె అడుగుకు వేడినీళ్ల ఆవిరి క్షణం పాటు చూపించి తీసేయండి. రెండు మూడు సార్లు అలా చేస్తూ 32 దాటకుండా చూసుకుంటే చాలు.

దెగ్లూరు అత్తయ్య

అందరూ చాక్లెట్ గురించే రాస్తున్నారు, బాదం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. పచ్చి బాదం వేసిన చాక్లెట్‌కు ప్రాణం ఉండదమ్మాయీ. బాదం వేయించడం ఒక విద్య.

మా దెగ్లూరులో శనగలు, పల్లీలు ఇసుకలో వేయించినట్టే ఇంట్లో రాళ్ల ఉప్పులో వేయించవచ్చు. మందపాటి మూకుడులో ఉప్పు పోసి బాగా కాగాక, సెగ తగ్గించి బాదం వేసి ఆపకుండా కలపాలి. వేడి నాలుగు వైపుల నుంచీ సమానంగా తగులుతుంది, ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉండే బాధ లేదు. మొదట తడి వాసన వస్తుంది. తర్వాత తొక్క మీద సన్నని చిటపటలు. అప్పుడు ఒకటి తీసి అడ్డంగా విరిచి చూడు. లోపల తెల్లగా ఉంటే ఇంకా కావాలి. మధ్య భాగం లేత గోధుమ రంగుకు తిరిగిన వెంటనే జల్లెడ పట్టి ఉప్పు రాల్చేయాలి. లోపలి రంగు చూడకుండా తొక్క రంగు చూసి దించితే మోసపోతాం, ఎందుకంటే తొక్క ముందే ముదురు రంగు. దించాక కూడా లోపలి వేడికి ఇంకొంచెం వేగుతుంది కనుక ఒక్క క్షణం ముందే దించాలి.

పూర్తిగా చల్లారాకే చాక్లెట్‌లో వేయాలి, లేకపోతే ఛత్రపురం అన్నయ్య చెప్పిన వేడి లెక్కంతా తప్పుతుంది. నానబెట్టిన బాదం ఎంత తుడిచినా చాక్లెట్‌లో వేయవద్దు, దానిలో నీరు ఉంటుంది. నానినవి పాలలోకి, రుబ్బడానికి.

200 గ్రాముల చాక్లెట్‌కు 150 గ్రాముల వేయించిన బాదం కలిపి, చెంచాతో చిన్న చిన్న కుప్పలుగా పెట్టి, పైన నాలుగు ఉప్పు రవ్వలు, ఇష్టమైతే చిటికెడు ఎండుమిరప పొడి. మెక్సికోలో పుయెబ్లా పట్టణం పేరు మీద ఉన్న మోలె అనే పులుసులో మిరపకాయలు, బాదం, చాక్లెట్ కలిసే ఉంటాయి. కారానికీ కోకోకూ అంత పాత స్నేహం.

గోపాల్‌పూర్ తీరం

అత్తయ్యగారూ, బాదం మాట ఎత్తారు కనుక మా తీరపు బాదం గురించి కూడా రాస్తాను. మా వీధుల్లో ఇంటికో నాటు బాదం చెట్టు ఉంటుంది. పండు ఎర్రబడి రాలుతుంది, పైగుజ్జు వగరు తీపి. ఆ గుజ్జంతా ఎండిపోయాక లోపలి పెంకును నిలువుగా రాయి మీద పెట్టి కొట్టాలి. అడ్డంగా కొడితే పప్పు నలిగిపోతుంది. పెంకు రెండుగా పగిలితే మధ్యలో సన్నని, చిటికెనవేలి సగమంత తెల్లటి పప్పు, దాని చుట్టూ చుట్టుకున్న పలుచని తొక్క. వేలితో తోస్తే పొట్లం విప్పినట్టు పొరలు విడిపోతాయి. రుచిలో కొన్న బాదంకు ఏమాత్రం తీసిపోదు. మధ్యాహ్నమంతా కొట్టినా గుప్పెడే వస్తుంది, కానీ పిల్లలు ఆ గుప్పెడు కోసం ఎంత సేపైనా కూర్చుంటారు.

ఆ పప్పును చాక్లెట్ బిళ్ల మీద ఒక్కొక్కటి అద్దించండి. బిళ్లలు వడ్డించడానికి ఆ చెట్టు ఆకులే వాడండి. చలికాలంలో రాలేముందు రాగి రంగుకు తిరుగుతాయి, కడిగి తుడిచి ఆరబెడితే పళ్లేల కంటే అందం.

పర్లాకిమిడి మాస్టారు

చాలా మంచి మాట చెప్పారు. పిల్లలకు తేడా కూడా చెప్పండి. తీరంలో ఉన్నది టెర్మినేలియా ప్రజాతిలోది, మన తాని, కరక చెట్ల బంధువు. కొనే బాదం గులాబీ కుటుంబంలోది, పీచ్ పండుకు దగ్గర చుట్టం. ప్రపంచానికి వచ్చే బాదంలో దాదాపు 80 శాతం ఒక్క కాలిఫోర్నియాలోనే పండుతుంది. రెండు పప్పులూ పక్కపక్కన పెట్టి చూపిస్తే వృక్షశాస్త్ర పాఠం అక్కడే అయిపోతుంది.

ఒక హెచ్చరిక. కొన్న బాదంలో ఎప్పుడైనా ఒకటి ఘాటైన చేదుగా తగిలితే ఉమ్మేయమని పిల్లలకు ముందే చెప్పాలి. చేదు బాదంలో అమిగ్డలిన్ ఉంటుంది, నమిలినప్పుడు దాని నుంచి సయనైడ్ పుడుతుంది. చాక్లెట్ చేదును ప్రేమించమని చెప్పే రోజునే ఈ చేదును వదిలేయమని కూడా చెప్పాలి.

రాయగడ రైల్వే క్వార్టర్స్

నేను ఛెనాపోడ, అంటే ఛెనాతో (విరిచిన పాల ముద్దతో) కాల్చి చేసే ఒడియా మిఠాయి గురించి రాయబోతున్నాను. మా ఇంట్లో పిల్లల పుట్టినరోజుకు కేకు బదులు అదే. అర కిలో తాజా ఛెనా, 150 గ్రాముల పంచదార, రెండు చెంచాల బొంబాయి రవ్వ, యాలకుల పొడి చేత్తో బాగా మర్దించి, అందులో రెండు పెద్ద చెంచాల కోకో పొడి, గుప్పెడు బాదం పలుకులు కలపాలి. నెయ్యి రాసిన గిన్నెలో సాలాకు పరిచి ముద్ద నింపి, పైన డార్క్ చాక్లెట్ ముక్కలు గుచ్చాలి. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, విజిల్, గాస్కెట్ తీసేసి, గంట దాకా సన్నటి సెగ. ఓవెన్ లేని ఇంటికి సరిపోతుంది, గుడ్డు లేదు.

ఛత్రపురం మిఠాయి

అభ్యంతరం చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. నయాగఢ్ వైపు పుట్టిన ఆ మిఠాయికి అసలు రుచి పంచదార మాడిన అంచులో, సాలాకు పొగ వాసనలో ఉంది. కోకో వేస్తే ఆ రెండూ తెలియవు. ఛెనాపోడను ఛెనాపోడలాగే చేసి, కోసిన ముక్క పక్కన 70 శాతం చాక్లెట్ ముక్క, వేయించిన బాదం పెట్టి కలిపి తినండి. మాడిన పంచదారకూ కోకోకూ ఎంత సఖ్యత ఉందో అప్పుడు తెలుస్తుంది.

రాయగడ రైల్వే క్వార్టర్స్

అన్నగారి మాటలో న్యాయం ఉంది, పక్కన పెట్టుకుని కూడా తిని చూస్తాం. అయినా మా పిల్లలు కోకో రంగు ఉన్నదాన్నే ముందు ఖాళీ చేస్తారు కాబట్టి నా పద్ధతిని వెనక్కి తీసుకోను. బరంపురం అక్కగారూ, రెండూ చిన్న చిన్న గిన్నెల్లో చేయండి, ఇంట్లోవాళ్లే తేల్చుకుంటారు.

ఛత్రపురం మిఠాయి

అలాగే కానివ్వండి. నా తరఫున ఇంకొకటి. మా ఊరి చుట్టూ మొగలి పొదలు. గంజాం మొగలి అత్తరు, కేవడా నీళ్లు దేశమంతా వెళతాయి. డార్క్ చాక్లెట్‌తో ఆ వాసన అద్భుతంగా కలుస్తుంది, కానీ కేవడా నీళ్లను నేరుగా కరిగిన చాక్లెట్‌లో పోస్తే గడ్డకడుతుంది. క్రీమ్‌లో కలపాలి. 100 గ్రాముల క్రీమ్‌ను ఆవిరి వచ్చేదాకా వేడిచేసి, తరిగిన 200 గ్రాముల చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, మధ్య నుంచి బయటికి నెమ్మదిగా తిప్పండి. అప్పుడు నాలుగు చుక్కల కేవడా నీళ్లు. చల్లారి గట్టిపడ్డాక చిన్న ఉండలు చేసి, వేయించి పొడి చేసిన బాదంలో దొర్లించండి. చేతులు కడుక్కున్న ఏ పిల్లవాడైనా చేయగలడు. మొగలి ఎక్కువైతే అత్తరు తాగినట్టు ఉంటుంది, నాలుగు చుక్కలు దాటవద్దు.

గుణుపురం ఆడపడుచు

మా పుట్టిల్లు ఏలూరు వైపు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, అందులోనూ మా వైపు కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో నీడకు అంతరపంటగా వేస్తారు. ఎవరైనా ఆ దారిన వస్తుంటే ఒక కోకో కాయ తెప్పించండి. కాయ కోసి చూపిస్తే పిల్లలు నోరు తెరుస్తారు. లోపల సీతాఫలంలా తెల్లటి గుజ్జు, పుల్లటి తీపి, చప్పరించవచ్చు. గుజ్జు లోపలి గింజ కొరికితే మాత్రం ఊదారంగు, చేదు, వగరు, చాక్లెట్ వాసన అస్సలు ఉండదు. ఆ వాసనకు మూలం పులియబెట్టడం. గుజ్జుతో సహా గింజలను పెట్టెల్లో ఐదారు రోజులు పులియబెట్టి, తర్వాత ఎండలో ఆరబెడతారు.

అలా పులిసి ఎండిన గింజలు దొరికితే ఇంట్లోనే చేసుకునే పని ఒకటి ఉంది. మూకుడులో సన్నటి సెగ మీద, గింజలు చిటపటలాడి కాల్చిన రొట్టె వాసన వచ్చేదాకా వేయించాలి. చల్లారాక నలిపి, చేటలో పోసి చెరగాలి. పొట్టు ఎగిరిపోతుంది, పలుకులు మిగులుతాయి. మా అమ్మమ్మ బియ్యం చెరిగినట్టే చెరిగేది, అదే చేయి, అదే ఊపు. వేడిచేసిన రోట్లో ఆ పలుకులు వేసి దంచితే మొదట పొడి అవుతుంది, ఇంకా దంచితే లోపలి కొవ్వు విడిచి ముద్దగా మారుతుంది. ఆ క్షణం కోసం పిల్లలను రోలు చుట్టూ కూర్చోబెట్టండి. ముద్దలో పొడి పంచదార, వేయించి నలిపిన బాదం వేసి ఉండలు కట్టాలి. బెల్లం వద్దు, దానిలోని తడికి ముద్ద బిగుసుకుపోతుంది. దుకాణపు చాక్లెట్ నునుపు రాదు, పలుకు పలుకుగా ఉంటుంది, కానీ రుచి గాఢంగా ఉంటుంది.

నునుపు కావాలంటే రోజంతా రాతి గ్రైండర్‌లో తిప్పాలి. ప్రపంచమంతటా చిన్న చాక్లెట్ తయారీదారులు వాడే యంత్రాల్లో చాలావరకు మన ఇడ్లీ పిండి గ్రైండర్‌ను మార్చి చేసినవే. ఇంటి గ్రైండర్‌ను అంతసేపు తిప్పితే మోటారు వేడెక్కుతుంది కాబట్టి ఆ పని మనకు వద్దు.

దెగ్లూరు అత్తయ్య

ఈ అమ్మాయి చేట మాట రాయగానే నాకు ఇంకొకటి తట్టింది. ఉగాదికి ఆరు రుచులు కలిపి తింటాం కదా. చాక్లెట్ చుట్టూ ఆరు రుచుల పళ్లెం పెట్టవచ్చు. మధ్యలో చేదుకు 85 శాతం చాక్లెట్. చుట్టూ తీపికి తాటిబెల్లం, పులుపుకు చింతపండు, ఉప్పుకు రాళ్ల ఉప్పు, కారానికి మిరియాలు, వగరుకు కార్తీకంలో ఎటూ దొరికే ఉసిరికాయ. కమ్మదనానికి బాదం. చాక్లెట్ ముక్కతో పాటు ఒక్కో రుచిని కొద్దిగా నోట్లో వేసుకుని, ఏది చేదును తగ్గించింది, ఏది పెంచింది అని పిల్లలు చెప్పాలి. ఉప్పు చేదును అణుస్తుందని వాళ్లు తమంతట తాము కనిపెడతారు. అది మనం ముందే చెప్పకూడదు.

కోరాపుట్ నర్సు

సరదా మధ్యలో నాలుగు జాగ్రత్తలు. ఐదేళ్ల లోపు పిల్లలకు బాదం గింజ గింజగా ఇవ్వవద్దు, గొంతులో అడ్డుపడుతుంది, పొడి చేసి ఇవ్వాలి. పొరుగు పిల్లలు వస్తున్నారు కనుక ఎవరికైనా బాదం, జీడిపప్పు పడవా అని వాళ్ల తల్లులను ముందే అడగాలి. చాక్లెట్‌లో కొంత కెఫీన్ ఉంటుంది, రుచి పరీక్ష రాత్రి భోజనం తర్వాత పెడితే పిల్లలు నిద్రపోరు.

అత్తయ్యగారికి: చేదుగా ఉంది కనుక షుగర్ లేదనుకోకూడదు. మాస్టారు చెప్పినట్టు 70 శాతం బిళ్ల 100 గ్రాములు తింటే దాదాపు 30 గ్రాముల పంచదార లోపలికి వెళుతుంది. 85 శాతంలో చిన్న ముక్క, దానితో ఉప్పులో వేయించిన బాదం నాలుగైదు, అదీ ఆవిడ డాక్టరుగారిని అడిగి. బాదం కూడా తేలికైన తిండి కాదు, 28 గ్రాములు, అంటే సుమారు 23 గింజలకు 160 కేలరీలకు పైనే.

ఇంట్లో కుక్క ఉంటే మాత్రం ఒక్క ముక్క కూడా దానికి అందకుండా చూడండి. కోకోలోని థియోబ్రోమిన్ కుక్కలకు విషం, డార్క్ చాక్లెట్‌లో అది మరీ ఎక్కువ. పిల్లలు ప్రేమ కొద్దీ పెడతారు.

బరంపురం కోడలు

నర్సు అక్కా, కుక్క సంగతి నాకు నిజంగా తెలియదు. పక్కింటివాళ్లకు ఇప్పుడే చెప్పి వచ్చాను.

నేను ఇలా అనుకుంటున్నాను. ముందురోజు కమలా తొక్క, ఉప్పులో బాదం సిద్ధం. మొగలి ఉండల ముద్ద కూడా కలిపి ఉంచుతాను. ఆ సాయంత్రం దీపాలు పెట్టగానే మాస్టారి మూడు గిన్నెల పరీక్ష, వెంటనే దెగ్లూరు అత్తయ్యగారి ఆరు రుచుల పళ్లెం. తర్వాత పెద్ద పిల్లలు గిన్నె దగ్గర, చిన్నవాళ్లు అద్దే పని దగ్గర. నాటు బాదం కాయలు మా వీధిలోనే రెండు చెట్ల కింద ఉన్నాయి, ఆదివారం ఏరిస్తాను. ఛెనాపోడ రెండు రకాలూ చేస్తాను, ఎవరి మాట నెగ్గిందో వచ్చి రాస్తాను. కోకో కాయ కోసం గుణుపురం వదినగారికి విడిగా సందేశం పంపాను.

చివరి సందేహం. హబిషలో ఉన్న మా తోడికోడలి తల్లిగారి వాటా పూర్ణిమ దాకా దాచాలి. ఈ తేమలో ఎలా?

ఛత్రపురం మిఠాయి

బాదం కుప్పలు, కమలా తొక్క ముక్కలు వేరే డబ్బాల్లో పెట్టండి, తొక్క తడి కుప్పలకు పట్టకూడదు. గాలి చొరని డబ్బాలో బటర్ పేపరు పరిచి, ఆ డబ్బాను ఇంకో సంచిలో మూతికట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. ఉల్లిపాయ, చేపల దరిదాపుల్లో వద్దు, చాక్లెట్ వాసనలు పీల్చుకుంటుంది. క్రీమ్ ఉన్న మొగలి ఉండలు వారం లోపే తినేయాలి, పూర్ణిమ అంతకంటే దూరంలో ఉంటే ఆవిడకు కుప్పలే దాచండి.

బయటికి తీసిన వెంటనే డబ్బా మూత తెరవకండి. గది వేడికి వచ్చేదాకా అలాగే ఉండనిస్తే చెమ్మ డబ్బా పైన పడుతుంది, చాక్లెట్ మీద కాదు. తొందరపడి తెరిస్తే ఆ చెమ్మకు పంచదార కరిగి, ఆరాక తెల్లటి గరుకు పొర మిగులుతుంది. తిన్నా ఏమీ కాదు, కానీ అంతసేపు కలిపి తెచ్చుకున్న మెరుపు పోతుంది.